క్లచ్ తొక్కితే చప్పుడు: తప్పు పెడల్‌దా, బేరింగ్‌దా, గేర్‌బాక్స్‌దా?

క్లచ్ పెడల్ తొక్కగానే కాళ్ల దగ్గర ‘కిర్రు’మంటోందని కారును ముగ్గురు మెకానిక్‌లకు చూపిస్తే మూడు జవాబులు వస్తాయి. ఒకరు పెడల్ బుష్ ఎండిపోయిందంటారు. ఇంకొకరు రిలీజ్ బేరింగ్ పోయింది, గేర్‌బాక్స్ దించాలంటారు. మూడో ఆయన ఈ మోడల్‌కు ఇది మామూలే, నడుపుకోండి అంటారు. మొదటి మాట నిజమైతే చిటికెడు గ్రీజుతో పని అయిపోతుంది. రెండోది నిజమైతే కారు రోజంతా షెడ్డులోనే ఉంటుంది, ఆ బిల్లులో సామాను కంటే లేబరే ఎక్కువ తేలడమూ ఉంది. మూడో మాట నమ్మి అది తప్పని తేలితే, నడిరోడ్డు మీద గేరు పడని రోజు ఒకటి వస్తుంది.

ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, ముగ్గురి మాటకూ వెనక ఒక లెక్క ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, చప్పుడు ఎలా ఉందన్న దాని మీద జరిగినంత చర్చ, అది ఎప్పుడు వస్తోందన్న దాని మీద జరగదు. ఎప్పుడు వస్తోందో చూసి తేల్చే పాత సూత్రం ఒకటి ఉంది గానీ, అది పుట్టిన నాటి క్లచ్ వేరు, ఇవాళ్టి క్లచ్ వేరు.

పాత సూత్రం పుట్టిన కాలం

క్లచ్ చేసేది ఒక్కటే పని. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న పట్టును కాసేపు విడదీసి మళ్లీ కలుపుతుంది. ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నలిగి ఉంటుంది. పెడల్ తొక్కితే ఒక ఫోర్క్ కదులుతుంది, ఆ ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను ముందుకు తోస్తుంది, బేరింగ్ వెళ్లి ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కుతుంది. తిరగని ఫోర్క్‌కూ ఇంజిన్‌తో పాటు తిరిగే ప్రెషర్ ప్లేటుకూ మధ్య నలిగేది ఆ బేరింగే.

మోరిస్ మైనర్, ఎంజీబీ లాంటి పాత బ్రిటిష్ కార్లలో అక్కడ బాల్ బేరింగే ఉండేది కాదు. బొగ్గుతో చేసిన ఒక రింగు నేరుగా వెళ్లి రాసుకునేది. అందుకే క్లచ్ మీద కాలు ఆనించి బండి నడపొద్దని ఆ రోజుల్లో అంత గట్టిగా చెప్పేవారు. కాలు ఆన్చినంతసేపూ ఆ బొగ్గు అరుగుతూనే ఉండేది మరి. తర్వాత బాల్ బేరింగ్‌లు వచ్చాయి. అయినా పెడల్ వదిలేస్తే బేరింగ్ వెనక్కి జరిగి ఖాళీగా కూర్చునే ఏర్పాటు మాత్రం చాలాకాలం అలాగే సాగింది. పెడల్ పై భాగంలో చేతికి తెలిసే ‘ఫ్రీ ప్లే’ ఆ ఖాళీయే.

ఆ ఏర్పాటు నుంచే సూత్రం వచ్చింది: తొక్కితే మొదలై వదిలితే ఆగే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది, న్యూట్రల్‌లో వదిలితే వచ్చి తొక్కితే ఆగేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. అందులో తర్కానికి లోటు లేదు. తొక్కనంతవరకూ రిలీజ్ బేరింగ్ తిరగదు. తొక్కితే ఇన్‌పుట్ షాఫ్ట్‌కు ఇంజిన్‌తో సంబంధం తెగి, అది నెమ్మదించి ఆగుతుంది.

తర్వాత క్లచ్ మారిపోయింది. కాయిల్ స్ప్రింగుల స్థానంలో డయాఫ్రమ్ స్ప్రింగ్ వచ్చింది. మారుతీ 800 తరం కార్లలో పెడల్ నుంచి ఫోర్క్ దాకా కేబుల్ ఉంటే, ఇన్నోవా లాంటి బళ్లలో ఆ పని హైడ్రాలిక్ చేస్తుంది. కొన్ని కార్లలో ఫోర్కే లేదు. స్లేవ్ సిలిండర్‌ను, బేరింగ్‌ను ఒకే ముక్కగా చేసి క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ లోపల పెట్టేశారు. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఏమిటంటే, ఈ కొత్త ఏర్పాట్లలో చాలావాటిలో బేరింగ్‌కు ఖాళీ అన్నదే లేదు. కాలు తీసేసినా వేళ్లను తేలిగ్గా తాకుతూ ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. షెడ్డుల్లో పాత సూత్రం మాత్రం అక్షరం మారకుండా చెలామణీ అవుతోంది.

పెడల్ పక్షం: ముందు డ్యాష్‌బోర్డు కింద చూడండి

ఈ వాదంలో మొదటి పక్షానిది పొదుపు బుద్ధి. ఇంజిన్ ఆపేసి, పెడల్‌ను చేత్తో మెల్లగా పదిసార్లు నొక్కమంటుంది. చప్పుడు అప్పుడూ వస్తే లోపల తిరిగే సామాను జోలికి పోనక్కర్లేదు, ఎందుకంటే ఆ క్షణాన అక్కడ తిరిగేదే లేదు. ఈ ఒక్క పరీక్ష తప్పించే ఖర్చు అంతా ఇంతా కాదు. అయినా దాన్ని చేసేవాళ్లు తక్కువే. డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి, టార్చి పట్టుకుని, నడుం వంచి పడుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

అక్కడ దొరికే నేరస్తులు చాలామందే ఉంటారు. పెడల్ వేలాడే పిన్నుకు అటూ ఇటూ ఉండే నైలాన్ బుష్‌లు వాళ్లలో పెద్దవి. కొత్తలో గుండ్రంగా ఉండే ఆ బుష్‌ను కొన్నేళ్ల తర్వాత విప్పి చూస్తే, రంధ్రం ఒకవైపుకు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి మారి ఉంటుంది. చుట్టూ గోధుమరంగు పొడి కనిపిస్తుంది. ఒకప్పటి గ్రీజు, దుమ్ము, అరిగిన నైలాన్ కలిసి ఆ పొడి అవుతాయి. పిన్ను మీద బుష్ రాసుకున్నచోట మాత్రం అద్దంలా మెరిసే గాడి పడుతుంది. పెడల్‌ను పక్కకు ఊపితే ‘లొటలొట’లాడటం ఈ బుష్ అరిగిందనడానికి మంచి గుర్తు.

తర్వాత పెడల్‌ను మాస్టర్ సిలిండర్ కడ్డీకి కలిపే క్లెవిస్ పిన్. ఇది ఎండితే సన్నగా ‘కీచు’మంటుంది, అరిగితే తొక్కే మొదట్లోనే ‘టక్’మంటుంది. పెడల్‌ను పైకి లాగే స్ప్రింగ్ కొక్కెం దగ్గర రాసుకుంటే కిరకిరలాడుతుంది. కొన్ని కార్లలో తొక్కడం తేలిక చేయడానికి ఇంకో సాయం స్ప్రింగ్ ఉంటుంది. అది సగం దారిలో అటు నుంచి ఇటు మొగ్గుతుంది కాబట్టి, చప్పుడు పెడల్ ప్రయాణం మధ్యలో ఒక్కచోటే వస్తే ముందు దాన్ని అనుమానించాలి. క్లచ్ తొక్కితే తప్ప స్టార్ట్ కాని కార్లలో స్విచ్ చేసే చిన్న ‘టిక్’ లోపం కాదు. ఆ స్విచ్‌కు ఆనే రబ్బరు దిమ్మ పొడిపొడి అయి మ్యాట్ మీద రాలితే మాత్రం లోపమే. పెడల్ బ్రాకెట్ వెల్డింగ్ విరగడం అరుదు. కానీ ఆ ‘టక్కు’ ఎప్పుడూ గట్టిగా తొక్కినప్పుడే వస్తుంటే, అంత అరుదైనది కూడా చూడక తప్పదు.

హైడ్రాలిక్ క్లచ్‌లో ఇంకో మూల ఉంది. ప్లాస్టిక్ ఒళ్లున్న మాస్టర్ సిలిండర్‌లలో రబ్బరు సీల్ లోపలి గోడను పట్టిపట్టి జారుతూ కీచుమంటుంది. మెల్లగా తొక్కితే ఎక్కువగా, వేగంగా తొక్కితే తక్కువగా వినిపించడం దాని తీరు. కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు తడిసి ఉంటే ఫ్లూయిడ్ కారుతోందన్న మాట. అప్పుడు చప్పుడు గురించి ఆలోచించడం మాని సిలిండర్ మార్చుకోవాలి.

ఈ పక్షానికి ఉన్న బలహీనత కూడా చెప్పుకోవాలి. ఇంజిన్ ఆపినప్పుడు వచ్చే చప్పుడంతా పెడల్ దగ్గరదే అనుకోకూడదు. ఫోర్క్ ఆనుకుని ఊగే బంతి మీద గ్రీజు ఎండిపోతే, బేరింగ్ జారే గొట్టం పొడిబారితే, ఆ కీచు ఇంజిన్ ఆపినా వస్తుంది. కేబుల్ తొడుగు గుండానో, హైడ్రాలిక్ గొట్టం గుండానో లోపలికొచ్చి పెడల్ దగ్గరే పుట్టినట్టు వినిపిస్తుంది. ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీద చెవి పెడితే తప్ప తేడా తెలియదు.

బెల్ హౌసింగ్ పక్షం: దించితేనే తెలుస్తుంది

రెండో పక్షం పెద్ద షెడ్డులది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా గేర్‌బాక్స్ పనిలో చేయి తిరిగిన మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగా వచ్చే చప్పుడుకే విలువిస్తాడు. గరగరమనే శబ్దం ఇంజిన్ వేగంతో పాటు గొంతు పెంచుకుంటూ పోతే, తిరిగే బేరింగ్ ఒకటి చెడిందనడం సబబే. ఏ బేరింగ్ అన్న దగ్గరే వాదం.

రిలీజ్ బేరింగ్ చెడితే మొదట్లో పొద్దున చల్లటి ఇంజిన్‌తో తొక్కినప్పుడే సన్నగా అరుస్తుంది. తర్వాత వేడెక్కినా వదలదు. దించి చేతిలో పట్టుకుని తిప్పితే మంచి బేరింగ్ గ్రీజు బరువుతో మెత్తగా తిరిగి ఆగిపోతుంది. చెడింది ‘గరగర’మంటూ, బొంగరంలా తేలిగ్గా తిరుగుతూనే ఉంటుంది, లోపల గ్రీజు కాలిపోయింది గనక. ప్రెషర్ ప్లేటు వేళ్ల కొసలు చూస్తే ఇంకా తెలుస్తుంది. బేరింగ్ తాకే చోట మెరిసే వలయం ఉండటం సహజం. అది గాడిలా లోతుగా ఉన్నా, వేళ్లు ఒక ఎత్తులో లేకపోయినా బేరింగ్ ఒక్కటి మార్చి లాభం లేదు.

పైలట్ బేరింగ్ ఇంకో రకం. ఫ్లైవీల్ మధ్యలో ఉండి ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోస్తుంది. క్లచ్ వదిలినప్పుడు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కనుక దానికి పని ఉండదు. బండి ఆగి ఉండి, క్లచ్ పూర్తిగా తొక్కి, గేరులో వేసి ఉంచినప్పుడు షాఫ్ట్ కదలదు, ఇంజిన్ తిరుగుతుంది. దాని మీద భారమంతా అప్పుడే. ఆ ఒక్క స్థితిలోనే అరిచే చప్పుడును చాలామంది రిలీజ్ బేరింగ్ ఖాతాలో వేస్తారు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లు చాలావాటిలో అసలు పైలట్ బేరింగే ఉండదు. లేని సామానుకు బిల్లు వేయబోతే పట్టుకోవడానికైనా ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

‘అది రోగమే కాదు’ పక్షం

మూడో పక్షాన్ని తప్పించుకునే మాటగా చూసేవాళ్లున్నారు. కొన్నిసార్లు అది అదే. కానీ దీని వెనక ఉన్న ఇంజినీరింగ్ మిగతా రెండిటి కంటే గట్టిది.

ఇంజిన్‌లోని క్రాంక్ షాఫ్ట్ నున్నగా తిరగదు. ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా ఒక తోపు తగులుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్లలో, డీజిల్ ఇంజిన్లలో ఆ తోపులు ఐడిల్‌లో మరీ ఎక్కువ. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంటే ఆ కుదుపు నేరుగా గేర్‌బాక్స్‌కు చేరుతుంది. భారం లేని గేర్ల పళ్లు ఒకదానికొకటి తగిలి కడకడలాడతాయి. క్లచ్ తొక్కితే కుదుపు తెగి చప్పుడు ఆగుతుంది. అంటే, పాత సూత్రం ప్రకారం ఇది అచ్చంగా ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ లక్షణమే.

ఈ రెండిటినీ విడదీసే గుర్తులు లేకపోలేదు. గేర్ల కడకడ ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే మాయమవుతుంది. బేరింగ్ గరగర అలా మాయం కాదు, ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతుంది. ఎండలో దూరం నడిపి ఆపినప్పుడు, గేర్ ఆయిల్ వేడెక్కి పలచబడితే కడకడ ఎక్కువవుతుంది. ఏసీ వేస్తే ఐడిల్ వేగం మారి, అది కూడా మారుతుంది.

ఈ కడకడను అణచడానికే క్లచ్ ప్లేటు మధ్యలో చిన్న స్ప్రింగులు పెట్టారు. అవి చాలని చోట రెండు ముక్కల ఫ్లైవీల్ వచ్చింది. లూక్ కంపెనీ దాన్ని 1985లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఇక్కడే కొత్త తగాదా పుట్టింది. ఆ ఫ్లైవీల్ ఖరీదు. అరిగినప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ‘దడ్’మని కొడుతుంది. ఖర్చు భయంతో దాని స్థానంలో ఒంటి ముక్క ఫ్లైవీల్ వేయించుకుంటే ఆ ‘దడ్’ పోయి, ఐడిల్ కడకడ వచ్చి కూర్చుంటుంది. అది లోపం కాదని మెకానిక్ అనడంలో తప్పులేదు, కానీ వేసే ముందే చెప్పి ఉండాల్సింది.

పాత సూత్రం తప్పేది ఎక్కడ

మూడు పక్షాలనూ ఇలా పక్కపక్కన పెడితే ఒక పట్టిక తేలుతుంది. ఇంజిన్ ఆపినా వచ్చేది పెడల్, కేబుల్, సిలిండర్ లేదా ఫోర్క్ బంతి. ఇంజిన్ నడుస్తూ తొక్కినప్పుడే వచ్చేది రిలీజ్ బేరింగ్. గేరులో ఆగి ఉన్నప్పుడు మాత్రమే అయితే పైలట్. న్యూట్రల్‌లో వదిలితే వచ్చేది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, లేదా గేర్ల కడకడ. పట్టు మొదలయ్యేచోట వణుకుతో వస్తే క్లచ్ ప్లేటుకు నూనె తగిలిందేమో చూడాలి.

ఈ పట్టిక ఎక్కువసార్లు సరిపోతుంది. బోల్తా పడే సందర్భాలు రెండు.

ఒకటి, ఎప్పుడూ తాకుతూ తిరిగే బేరింగ్. దాని మీద భారం మరీ తక్కువైతే, అది వేళ్లతో సమానంగా తిరగక జారుతూ ఐడిల్‌లో పిచ్చుకలా కిచకిచమంటుంది. పెడల్ మీద పాదం ఆనించి నాలుగైదు మిల్లీమీటర్లు నొక్కగానే పట్టు దొరికి ఆగిపోతుంది. తొక్కితే ఆగింది కాబట్టి పాత సూత్రం దీన్ని ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అంటుంది, గేర్‌బాక్స్ విప్పమంటుంది. చూడాల్సింది ఆగిందా లేదా అన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది. క్లచ్ విడిపోకముందే, పెడల్ పై అంచులోనే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది కదా! తప్పు రిలీజ్ బేరింగ్‌దే. ఈ చిన్న పరీక్షకు రావాల్సినంత ప్రచారం రాలేదు.

రెండోది క్రాంక్ షాఫ్ట్. క్లచ్ తొక్కడమంటే ఆ బలమంతా చివరికి క్రాంక్ షాఫ్ట్‌ను ముందుకు తోయడమే. ఆ తోపును ఇంజిన్‌లోని థ్రస్ట్ వాషర్లు ఆపుతాయి. అవి అరిగితే, తొక్కినప్పుడల్లా షాఫ్ట్ ముందుకు జరిగి ‘డుబ్’మంటుంది. బ్రిటన్‌లో ట్రయంఫ్ ఆరు సిలిండర్ల కార్ల యజమానులకు ఈ వాషర్ల బెడద బాగా తెలుసు, కొన్నిట్లో అవి ఊడి సంప్‌లో పడేవి. ఇంజిన్ ఆపి ఒకరు క్లచ్ తొక్కుతుంటే, ఇంకొకరు ముందున్న పుల్లీని గమనిస్తే చాలు. కంటికి తెలిసేంత జరిగితే క్లచ్ మార్చినా చప్పుడు పోదు.

గ్రీజు తగవు

చప్పుడు ఏదైనా ముందు స్ప్రే కొట్టేయడం మనకు అలవాటు. డబ్ల్యూడీ-40 లాంటివి తుప్పును వదిలిస్తాయి, తేమను తోలేస్తాయి. పెడల్ పిన్ను మీద కొడితే చప్పుడు ఆగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. పాత గ్రీజు కూడా కరిగిపోయి ఉంటుంది కాబట్టి రెండోసారి గట్టిగా వస్తుంది. పిన్ను తీసి, తుడిచి, గ్రీజు రాసి బిగించడమే పని అన్న దానిలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

కేబుల్ విషయంలో ఉంది. లోపల ప్లాస్టిక్ పొర లేని పాత కేబుళ్లకు నూనె పోయడం మంచి అలవాటే. పొర ఉన్న కొత్త వాటికి పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తాయి. మన ఎర్రమట్టి దారుల్లో తిరిగే కారుకైతే చెప్పనే అక్కర్లేదు. ఫోర్క్ బంతికి వేడి తట్టుకునే గ్రీజు కావాలి. బేరింగ్ జారే గొట్టానికి మాత్రం, బేరింగ్ లోపలి భాగం ప్లాస్టిక్ అయితే, అసలు రాయవద్దని తయారీదారులు అంటారు. ప్లేటు జారే ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల మీద కాస్త రాసి, ప్లేటును ఒకసారి ముందుకూ వెనక్కూ జరిపి, మిగిలింది తుడిచేయాలి. తుడవకపోతే అది ఎగిరి ఫేసింగ్ మీద పడుతుంది, చప్పుడు పోయి వణుకు వస్తుంది. మాస్టర్ సిలిండర్ లోపలికి మామూలు పెట్రోలియం గ్రీజు వెళ్తే, బ్రేక్ ఫ్లూయిడ్‌కు తగ్గట్టు చేసిన రబ్బరు సీల్ ఉబ్బి పాడవుతుంది. ఇది అభిప్రాయం కాదు, రసాయనం.

ఇంకా తేలనివి

రిలీజ్ బేరింగ్ ఒక్కటే మార్చాలా, సెట్ మొత్తమా? గేర్‌బాక్స్ దించిన లేబర్ ఎలాగూ పడింది కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ మార్చేయాలని ఒక వాదం. ముప్పై వేల కిలోమీటర్లు కూడా తిరగని ప్లేటును పారేయడం దండగని ఇంకోటి. రివెట్ల పైన ఫేసింగ్ ఎంత మిగిలింది, వేళ్ల మీద గాడి పడిందా, ఫ్లైవీల్ మీద వేడికి నీలి మచ్చలు వచ్చాయా అన్న మూడూ యజమానికి చూపించి అడిగితే ఈ తగవు చాలాసార్లు షెడ్డులోనే తీరుతుంది. స్లేవ్ సిలిండర్ లోపలే ఉన్న కార్లలో మాత్రం, బాక్స్ దించినప్పుడే దాన్నీ మార్చడం మేలన్న వాదానికి బలం ఎక్కువ. అది తర్వాత కారితే మళ్లీ మొత్తం దించాల్సిందే.

సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి గేరులో ఉంచితే బేరింగ్ పాడవుతుందా? బొగ్గు రింగు రోజుల్లో సందేహమే లేదు. ఇప్పటి సీల్డ్ బేరింగ్‌లకు ఆ కొద్ది నిమిషాలు లెక్కే కాదని ఒకరు, భారంతో తిరిగిన ప్రతి నిమిషం దాని ఆయుష్షులో కోతేనని ఇంకొకరు. రెండూ నిజమే. న్యూట్రల్‌లో వేసి కాలు తీసేయడంలో నష్టం లేదు కనుక మొగ్గు అటే. సగం తొక్కి బండిని ఎత్తు మీద నిలబెట్టే అలవాటు సంగతి వేరు. దానివల్ల ముందు కాలేది బేరింగ్ కాదు, ప్లేటు.

క్లచ్ తొక్కి స్టార్ట్ చేయడం థ్రస్ట్ వాషర్లకు చేటా అన్నది ఇంకో చర్చ. ఆయిల్ ఇంకా పైకి చేరని క్షణంలో షాఫ్ట్‌ను తోయడం మంచిది కాదన్న తర్కం సరైనదే. కానీ గేరులో ఉన్న బండి ఎగిరి ఎవరినీ గుద్దకుండా ఉండాలనే, క్లచ్ తొక్కితే తప్ప స్టార్ట్ కానివ్వని ఆ స్విచ్ పెట్టారు. ప్రాణాలు ముందు, వాషర్లు తర్వాత.

2014లో మారుతీ సెలేరియోతో మన దగ్గర క్లచ్‌ను, గేర్లను యంత్రమే నడిపే ఏఎంటీ కార్లు మొదలయ్యాక ఈ చర్చకు కొత్త చిక్కు వచ్చి పడింది. వాటిలో లోపల ఉన్నది అదే క్లచ్, అదే బేరింగ్, అవే చప్పుళ్లు. తొక్కడానికి పెడల్ మాత్రం లేదు. పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు యజమాని చేతిలోంచి జారిపోయాయి. స్కానర్ తగిలించి, యాక్చుయేటర్‌ను మెల్లగా కదుపుతూ ఎక్కడ చప్పుడు మొదలై ఎక్కడ ఆగుతోందో వినే ఓపిక ఉన్న మెకానిక్‌ను వెతుక్కోవాల్సిందే.